చోళ–చాళుక్య యుద్ధాల్లో ఆడవాళ్ళు: శాసనాల్లో ఏముంది, కావ్యాల్లో ఏమైంది – తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యయుగాల యుద్ధాల్లో ఆడవాళ్ళ మీద జరిగిన హింస అనగానే చాలామంది చిత్తోడ్ దగ్గర మొదలుపెట్టి చిత్తోడ్ దగ్గరే ఆగిపోతారు. మన పక్కనే, అందులోనూ మన వేంగి కోసమే, నూరేళ్ళపాటు సాగిన యుద్ధాల సాక్ష్యం గుళ్ళ గోడల మీద చెక్కి ఉంది. దీని గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని వివరాలు చదవడానికే కష్టంగా ఉంటాయి, ముందే చెప్తున్నా.

ఇవి ఏ యుద్ధాలు? తెలుగువాళ్ళకి ఏం సంబంధం?

పదకొండో శతాబ్దమంతా తంజావూరు చోళులూ కల్యాణి చాళుక్యులూ ఒకరి దేశం మీద ఒకరు పడుతూనే ఉన్నారు. కల్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. తుంగభద్ర దగ్గర సరిహద్దు తగాదా ఒకటి, వేంగి సింహాసనం మీద ఎవరి మనిషి కూర్చోవాలన్న తగాదా ఇంకొకటి. రాజరాజ చోళుడు తన కూతురు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికి ఇచ్చాడు. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు, అదే నన్నయ చేత భారతం మొదలుపెట్టించినాయన, మళ్ళీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. ఇటు ఆయన సవతి తమ్ముడు విజయాదిత్యుడేమో కల్యాణి వాళ్ళ అండ చూసుకుని సింహాసనం కోసం తిరగబడ్డాడు. నరేంద్రుడి తరఫున కన్నడ సేనతో పోరాడి చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల పేర కైకలూరు దగ్గరి కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించినట్టు ఆయన శాసనమే చెప్తుంది. మగవాళ్ళ చావులకి గుళ్ళు లేచాయి. అదే యుద్ధాల్లో ఆడవాళ్ళు ఎలా లెక్కకొచ్చారో చూద్దాం.

ఆడవాళ్ళ మీద హింస జరిగిందనడానికి గట్టి ఆధారం ఉందా, లేక ఇప్పటివాళ్ళ ఊహా?

ఉంది, అదీ రెండు పక్షాల నుంచీ ఉంది.

ఓడినవాళ్ళ వైపు నుంచి మొదలుపెడదాం. ధార్వాడ ప్రాంతంలోని హొట్టూరులో 1007 నాటి కన్నడ శాసనం ఒకటి ఉంది, కల్యాణి రాజు సత్యాశ్రయుడి కాలంది. చోళుడు తొమ్మిది లక్షల సేనతో దోనవూరు దాకా వచ్చి దేశమంతా దోచాడనీ, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బ్రాహ్మణుల్నీ చంపాడనీ, ఆడపిల్లల్ని పట్టుకుని కులం చెడగొట్టాడనీ అందులో రాశారు. ఆ చోళుడు అప్పటికి యువరాజుగా ఉన్న రాజేంద్రుడని చరిత్రకారుల లెక్క. ఆ తర్వాత సత్యాశ్రయుడు వాళ్ళని తరిమికొట్టాడని ముగుస్తుంది.

ఓడినవాళ్ళు ఏడుస్తారు కాబట్టి పెంచి రాశారు అనుకోవచ్చు. అలాగైతే గెలిచినవాళ్ళు ఏం రాసుకున్నారో చూడండి. రాజాధిరాజ చోళుడి శాసనం ఆయన సింహళ విజయం గురించి చెప్తూ, వీరసలామేఘుడనే రాజు ఇంటి ఆడవాళ్ళని చెరపట్టి, అతని తల్లి ముక్కు కోయించామని గొప్పగా చెప్తుంది. 1054లో కొప్పం యుద్ధంలో రాజాధిరాజు ఏనుగు మీదే చనిపోతే, తమ్ముడు రెండో రాజేంద్రుడు యుద్ధభూమిలోనే పట్టం కట్టుకుని గెలిచాడు. ఆయన శాసనంలో దక్కిన సొమ్ము జాబితా ఉంది: శత్రుభయంకరుడు, కరభద్రుడు, మూలభద్రుడు అనే ఏనుగులు, గుర్రాలు, ఒంటెల మందలు, చాళుక్యుల వరాహధ్వజం, ఆ తర్వాత సత్తియవ్వ, సాంగప్ప అనే రాణులు, ఇంకా ఆడవాళ్ళ గుంపు. ఏనుగులకీ పేర్లున్నాయి, రాణులకీ పేర్లున్నాయి, ఒకే వరసలో.

వీరరాజేంద్రుడి (1063–1070) శాసనం ఇంకో అడుగు ముందుకేసింది. చాళుక్యులు వేంగి మీదికి పంపిన సేనని చితక్కొట్టి, దాని మహాదండనాయకుడు చాముండరాజు తల నరికామనీ, ఆయన ఒక్కగానొక్క కూతురు, ఇరుగయ్య రాణి, నెమలిలాంటి అందగత్తె అయిన నాగల ముక్కు కోశామనీ చెప్తుంది. నేను చదివిన యుద్ధశాసనాల్లో నన్ను వదలకుండా పట్టుకున్న వాక్యం ఇదే. ఆమె ఎవరి కూతురో చెప్పాడు, ఎవరి భార్యో చెప్పాడు, అందం చెప్పాడు, పేరు చెప్పాడు. ఇన్ని చెప్పాక ముక్కు కోశామన్నాడు. వినేవాళ్ళకి ఎంత విలువైనది పాడుచేశామో తెలియాలిగా మరి, ఆ పొగడ్త అందుకే.

గెలిచినవాళ్ళు ఇవన్నీ దాచుకోకుండా ఎందుకు చెక్కించుకున్నారు?

ఎందుకంటే అది వాళ్ళకి తప్పుగా అనిపించలేదు, ఘనకార్యంగా అనిపించింది. చోళ శాసనాల మొదట్లో వచ్చే రాజు గొప్పల భాగాన్ని మెయ్‌కీర్తి అంటారు. ఆస్థానంలో తయారైన ఆ పాఠాన్నే రాజ్యమంతటా ఏ ఊరి గుళ్ళో ఏ దానం జరిగినా ముందు చెక్కేవాళ్ళు. ఎవరో ఒక పల్లెలో నందాదీపానికి గొర్రెలిస్తారు, లేదా గుడికి తోట రాసిస్తారు. ఆ దానం సంగతి రాయాలంటే ముందు రాజు కీర్తి మొత్తం దిగాలి. అలా శత్రువు కూతురి ముక్కు, శత్రువు భార్యల చెర, అన్నీ కలిసి దేవుడి గోడ మీద, దీపం నూనె లెక్కకి ముందుమాటగా కూర్చున్నాయి. చెన్నై దగ్గరి మణిమంగళం గుడి గోడల మీద ఈ రాజుల మెయ్‌కీర్తులు వరసగా కనిపిస్తాయి.

ఇంకో సంగతి గమనించండి. ఈ వాక్యాల్లో ఎవరి పరువు పోయిందని చెప్తున్నారు? ఆడవాళ్ళది కాదు. వాళ్ళని కాపాడుకోలేకపోయిన మగవాడిది. వీరరాజేంద్రుడు కూడలసంగమం యుద్ధం గురించి చెప్తూ చాళుక్య రాజు ఆహవమల్లుడి భార్యలు, వంశధనం, శంఖాలు, గొడుగులు, చామరాలు, వరాహధ్వజం, మకరతోరణం, పుష్పక అనే ఆడ ఏనుగు దక్కాయంటాడు. ఇవి రాచరికపు గుర్తులు. ఇవన్నీ పోయినవాడు రాజే కాడని తేల్చడానికి ఆ జాబితా. భార్యలు గొడుగుల పక్కన చేరింది అందుకే.

ముక్కే ఎందుకు?

చంపితే ఆ కథ అక్కడితో అయిపోతుంది. ముక్కు పోయిన మనిషి బతికినన్నాళ్ళూ ఆ ఓటమిని అందరికీ చూపిస్తూ తిరగాలి. శూర్పణఖ కథ చిన్నప్పటి నుంచీ విన్నాం కాబట్టి మనకది వింతగా అనిపించదు, నిజానికి చాలామంది నవ్వుకుంటూ చెప్పే సంగతి అది. కానీ ఆ కథలోనైనా శూర్పణఖ మీదికొచ్చిందన్న ఒక సాకు ఉంది. నాగల ఏం చేసిందని? చాముండరాజుకి కూతురుగా పుట్టింది. వీరసలామేఘుడి తల్లి అతన్ని కన్నది. అంతకు మించిన నేరం శాసనాల్లో కూడా లేదు.

తొమ్మిది లక్షల సేన అన్నది నమ్మాలా? అది అబద్ధమైతే మిగతాది కూడా అబద్ధమేగా?

తొమ్మిది లక్షలు నమ్మక్కర్లేదు. అంతమందికి, వాళ్ళ ఏనుగులకీ గుర్రాలకీ తిండి పెట్టి తుంగభద్ర దాటించడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. శాసనాల్లో పెద్ద అంకెలంటే "చాలా పెద్ద సేన" అని అర్థం, అంతే.

కానీ అంకె పెంచాడు కాబట్టి మొత్తం కొట్టిపారేస్తాం అంటే కుదరదు. ఆడవాళ్ళని చెరపట్టారని ఓడినవాళ్ళు అంటున్నారు, చెరపట్టామని గెలిచినవాళ్ళూ అంటున్నారు. ఇద్దరూ ఒప్పుకున్న విషయాన్ని మనం కాదనడం దేనికి? హొట్టూరు శాసనంలో నేను కాస్త అనుమానంగా చూసేది వేరే ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు, బ్రాహ్మణులు అన్న వరస ఒక మూస. ధర్మశాస్త్రాల్లో చంపకూడనివాళ్ళ జాబితా అది. శత్రువు అధర్మపరుడని చెప్పాలంటే ఆ జాబితా మొత్తం అప్పజెప్తారు. కాబట్టి ఫలానా ఊళ్ళో ఫలానా రోజు అంతమంది బ్రాహ్మణులు చనిపోయారని దాన్నుంచి లాగలేం. మూస ఎప్పుడు వాడారు, ఎవరి మీద వాడారు అనేది చెప్పగలం. కొప్పం జాబితాలో సత్తియవ్వ పేరు మూస కాదు. నాగల పేరు మూస కాదు.

చెరపట్టి తీసుకెళ్ళినవాళ్ళు ఏమయ్యారు?

తంజావూరులో, ఆ తర్వాత గంగైకొండ చోళపురంలో, రాచనగరికి సంబంధించిన ఊడిగపు ఆడవాళ్ళు ఉండే వాడలు ఉండేవి. వాటిని వేళం అనేవాళ్ళు. రాజుల బిరుదుల మీద, రాణుల పేర్ల మీద వేళాలు ఉండేవి. స్నానానికి నీళ్ళు పెట్టడం, వంటశాల పని, ఇలా పనికొక వేళం. యుద్ధాల్లో పట్టుబడిన ఆడవాళ్ళు వీటిలో చేరారని కవులే చెప్తారు (కింద కళింగత్తుప్పరణి అనే తమిళ కావ్యం దగ్గర చూడండి). అయితే వేళంలో ఉన్నవాళ్ళంతా చెరపట్టి తెచ్చినవాళ్ళేనా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు.

వేళంలో ఉన్న కొందరు ఆడవాళ్ళు తమ పేర్లతో గుళ్ళకి దీపాలు పెట్టించిన శాసనాలూ ఉన్నాయి. అంటే చేతిలో ఎంతో కొంత సొమ్ము ఉండేది, పేరు చెక్కించుకునే వీలుండేది. దీన్ని పట్టుకుని "చూశారా, హాయిగానే ఉన్నారు" అనేవాళ్ళున్నారు. దీపం పెట్టించే స్తోమత ఉంది అంటే తిరిగి ఇంటికెళ్ళే స్వేచ్ఛ ఉంది అని కాదు కదా.

తంజావూరు పెద్దగుడిలో రాజరాజు నియమించిన 400 మంది నాట్యకత్తెలు కూడా యుద్ధంలో పట్టుకొచ్చినవాళ్ళేనట?

కాదు. ఇది ఫోన్లలో తిరిగే కథ. ఆ శాసనంలో ఒక్కొక్కరి పేరూ, ఏ ఊరి గుడి నుంచి వచ్చిందీ రాసి ఉంది. చోళదేశంలోని రకరకాల గుళ్ళ నుంచి వాళ్ళని రప్పించి, వీధుల్లో ఇళ్ళు ఇచ్చి, ఒక్కొక్కరికీ ఏడాదికి వంద కలాల వడ్లు ఏర్పాటు చేశారు. ఉన్న దారుణాలు చాలవన్నట్టు లేనివి కల్పించక్కర్లేదు.

యుద్ధనీతి, ధర్మయుద్ధం అంటారు కదా. శాస్త్రాలు దీన్ని ఒప్పుకున్నాయా?

రెండు నాల్కలతో మాట్లాడాయి. ఆడదాన్ని చంపడం మహాపాపం, అందులో అనుమానం లేదు. కానీ మనుస్మృతి ఏడో అధ్యాయంలోనే రథం, గుర్రం, ఏనుగు, గొడుగు, ధనం, ధాన్యం, పశువులు, స్త్రీలు, ఇవి గెలిచినవాడివే అని ఉంది. ఎనిమిదో అధ్యాయంలో దాసుల్ని ఏడు రకాలుగా చెప్తూ మొట్టమొదట యుద్ధంలో పట్టుబడినవాళ్ళనే లెక్కపెట్టింది. కొప్పం జాబితానీ మనువు జాబితానీ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టుంటుంది.

శాంతిపర్వంలో భీష్ముడు మటుకు, పరాక్రమంతో తెచ్చిన కన్యని ఏడాదిపాటు ఉంచి, ఎవరిని చేసుకుంటావని అడగాలనీ, ఒప్పుకోకపోతే తిరిగి పంపెయ్యాలనీ అంటాడు. బాగానే ఉంది. కానీ ఈ మాట చెప్తున్నది ఎవరు? కాశీరాజు కూతుళ్ళు ముగ్గుర్ని స్వయంవరం నుంచి రథమెక్కించుకొచ్చి, అంబ బతుకు బుగ్గిపాలు చేసినాయన.

కళింగత్తుప్పరణిలో ఏముంది? దాని గురించి ఎందుకంత చెప్తారు?

ఈ విషయం మీద ఒక్క కావ్యమే చదవాలంటే నేను దీన్నే చెప్తాను. రాజరాజ నరేంద్రుడికీ అమ్మంగదేవికీ పుట్టిన కొడుకు, వేంగి రాకుమారుడు, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. 1110 ప్రాంతంలో ఆయన సేనాని కరుణాకర తొండమాన్ కంచి నుంచి బయల్దేరి, పెన్న, కృష్ణ, గోదావరి దాటుకుంటూ వెళ్ళి కళింగం మీద పడ్డాడు. ఆ దండయాత్ర మీద జయంగొండార్ అనే కవి తమిళంలో రాసిన కావ్యమిది. పరణి అంటేనే యుద్ధంలో ఏనుగుల్ని కుప్పలుగా కూల్చిన వీరుడి మీద రాసేది. కాళి, ఆమె దయ్యాల పరివారం, యుద్ధభూమిలో శవాలతో వండుకునే కూడు, అంతా బీభత్సం.

కానీ కావ్యం మొదలయ్యేది శృంగారంతో. మగవాళ్ళు ఆలస్యంగా వచ్చారని అలిగి తలుపులు వేసుకున్న ఆడవాళ్ళని, తలుపు తియ్యండమ్మా, యుద్ధం కథ వినిపిస్తాం అని బతిమాలే పద్యాలవి. ఒక్కో పద్యం ఒక్కో రకం అందగత్తెని పిలుస్తుంది. వాటి మధ్యలో ఒక పద్యం వస్తుంది: చేప జెండా పాండ్యులు విళింజం వైపు పరుగెత్తి, అడవుల్లో దూరితే, వేళంలో చేరిన పడుచుల్లారా, తలుపు తియ్యండి! అదే గొంతు, అదే బతిమాలడం. ఇంకో పద్యంలో కన్నడదేశపు ఆడవాళ్ళు కొంత వడుగూ (అంటే తెలుగూ) కొంత తమిళమూ కలిపి తడబడుతూ మాట్లాడతారు, అదెంత ముద్దుగా ఉందో అన్నట్టు రాశాడు. వాళ్ళకి తమిళం తడబడుతూ నేర్చుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో పద్యం చెప్పదు. ఛందస్సు గలగలా పారుతుంటుంది, వినేవాడు తల ఊపుతూ దాటిపోతాడు. శాసనంలో సొమ్ము జాబితాలో ఉన్న మనిషి ఇక్కడ అలక తీర్చవలసిన ప్రియురాలైపోయింది. నాకు ముక్కు కోశామన్న శాసనం కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే ఆ శాసనం తను చేసిన పనేదో దాచకుండా చెప్తుంది.

చివర్లో యుద్ధభూమి. కళింగ సైనికులు పారిపోయే తీరు జయంగొండార్ భలే నవ్వు పుట్టిస్తూ రాశాడు. ఒకడు వింటినారిని జంధ్యంలా వేసుకుని నేను బ్రాహ్మణ్ణంటాడు. ఒకడు జుట్టు లేని తల చూపించి జైనుణ్ణంటాడు. కొందరు ఏనుగు గంటల్ని తాళాలుగా పట్టుకుని మేం పాటగాళ్ళం అని తప్పించుకుంటారు. మగవాడికి ఇన్ని వేషాలు ఇచ్చాడు కవి. ఆడవాళ్ళు ఆ చోటికి వచ్చేది మొగుడి శవం వెతుక్కుంటూ. ఒకామె భర్త ఒంటిని భూదేవి కౌగిలించుకోవడం ఓర్వలేక తన చేతులతో ఎత్తి పట్టుకుంటుంది, పైన అప్సరసలు ఆయన్ని దక్కించుకునేలోపే తనూ వెళ్ళాలని అక్కడికక్కడే ప్రాణం విడుస్తుంది. చదువుతుంటే ఒళ్ళు జలదరించే పద్యం, కాదనను. కానీ చూడండి, చంపినవాడు పక్కనే ఉంటే ఆమె కోపమంతా భూదేవి మీదా అప్సరసల మీదా పెట్టించాడు.

సంస్కృత కవులేమైనా తక్కువ తిన్నారా?

లేదు. రాజుని పొగడాలంటే శత్రువుల భార్యల్ని ఏడిపించాలి, ప్రశస్తుల్లో అదొక రివాజు. శత్రుస్త్రీలకి వైధవ్యదీక్ష ఇచ్చిన గురువు అని బిరుదులాగా వాడేస్తారు. వాళ్ళ కాటుక కన్నీళ్ళలో కరగాలి, హారాలు తెగాలి, అడవుల్లో ముళ్ళు గుచ్చుకోవాలి. కల్యాణి వైపు కవి బిల్హణుడు చాళుక్య రాజు విక్రమాదిత్యుడి మీద కావ్యం రాస్తూ చోళుల కంచి మీద చాళుక్యులు పడడాన్ని సంబరంగానే చెప్పాడు. కాబట్టి ఇదంతా చోళుల్ని తిట్టడానికి రాస్తున్నానని అనుకునేవాళ్ళు కాస్త ఆగండి. చోళుల మెయ్‌కీర్తులు ఎక్కువ వివరంగా ఉన్నాయి, అందుకే వాళ్ళ పేరు ఎక్కువ వస్తోంది.

మరి మన నన్నయ, తిక్కన?

వేంగి కోసం ఈ కొట్లాటలు జరుగుతున్న కాలంలోనే రాజమహేంద్రవరంలో నన్నయ సభాపర్వం రాశాడు. ధర్మరాజు జూదంలో ఒడ్డినవాటి వరస గుర్తు చేసుకోండి: ధనం, రథం, దాసీలు, ఏనుగులు, గుర్రాలు, తమ్ముళ్ళు, తను, చివరికి ద్రౌపది. మెయ్‌కీర్తి జాబితాకి చాలా దగ్గర. తేడా ఏంటంటే ఇక్కడ జాబితాలో ఉన్న మనిషి నోరు విప్పి, ముందు తనని తాను ఓడాడా, నన్ను ఓడాడా అని నిండుసభని అడుగుతుంది. భీష్ముడంతటివాడు తేల్చలేక నీళ్ళు నములుతాడు. ఆ రోజుల్లో ఆ సభలో కూర్చుని ఇది విన్న రాచవాళ్ళు, సేనానులు ఏమనుకున్నారో అని నాకెప్పుడూ కుతూహలం.

తిక్కన చేతిలో స్త్రీపర్వం ఉంది, గాంధారి యుద్ధభూమిలో కొడుకుల శవాల మధ్య తిరిగేది. మౌసలపర్వం కూడా ఉంది. కృష్ణుడు పోయాక ద్వారక ఆడవాళ్ళని అర్జునుడు తీసుకొస్తుంటే ఆభీరులు దారికాచి ఎత్తుకుపోతారు, గాండీవం పనిచెయ్యదు. సంస్కృత మూలంలో అక్కడ కొందరు ఇష్టపడే వెళ్ళారని ఒక ముక్క ఉంది. కాపాడలేకపోయిన వీరుడి పరువు నిలబెట్టడానికి ఎంత చిన్న వాక్యం సరిపోయిందో చూడండి.

తెలుగు వీరగాథల్లో ఆడవాళ్ళు బలంగా ఉంటారు కదా?

ఉంటారు, కానీ రెండు పాత్రల్లోనే ఎక్కువ కనిపిస్తారు. ఒకటి యుద్ధానికి కారణమైన ఆడది, పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మలాగా. మగవాళ్ళందరి పగలూ చివరికి ఆమె ఖాతాలో పడ్డాయి. రెండోది పౌరుషం పుట్టించే ఆడది. ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనక్కొస్తే భార్య చానమ్మ స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందనీ చెప్పుకుంటాం. మంచి కథ, నాకూ ఇష్టమే. కానీ యుద్ధం ఓడిపోతే చానమ్మకి ఏమవుతుందో ఆ కథ అడగదు.

ఇదంతా తురకల దండయాత్రలతోనే మొదలైందని అంటారు. నిజమేనా?

పైన చెప్పిన చోళ–చాళుక్య శాసనాలూ, కళింగ దండయాత్రా అన్నీ 1120 లోపువి. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ దక్షిణాదికి రావడానికి రెండు వందల ఏళ్ళ ముందు మాట. అంతకన్నా పాతది కావాలంటే తమిళుల ప్రాచీన సంగం సాహిత్యంలో చేర రాజు సెంగుట్టువన్ ఓడిన శత్రువు ఇంటి ఆడవాళ్ళ జుట్టుతో తాళ్ళు పేని ఏనుగులకి కట్టించాడని ఉంది.

అలాగని పద్నాలుగో శతాబ్దంలో జరిగింది తక్కువ చేసి చెప్పడం కూడా తప్పే. మదురై సుల్తాను ఘియాసుద్దీన్ గురించి మనకి చెప్పినవాడు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, సాక్షాత్తూ ఆ సుల్తానుకి తోడల్లుడు, ఇద్దరూ అక్కాచెల్లెళ్ళని చేసుకున్నారు. అడవిలో పట్టుబడినవాళ్ళ చేత కొయ్యలు మోయించి, తెల్లారాక వాటికే గుచ్చేవాళ్ళనీ, వాళ్ళ భార్యల్నీ పసిపిల్లల్నీ గొంతు కోసి జుట్టుతో ఆ కొయ్యలకే కట్టేవాళ్ళనీ రాశాడు. ఒకరోజు సుల్తానుతో భోజనానికి కూర్చుని ఉండగా ఒక బందీని, భార్యనీ, ఏడేళ్ళ కొడుకునీ తెచ్చారట. ముగ్గురి తలలూ తీసెయ్యమన్నాడు సుల్తాను. నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను అంటాడు బతూతా. ఇంత నీచమైన పని ఇంకే రాజూ చేయగా చూడలేదనీ, అందుకే దేవుడు అతన్ని తొందరగా తీసుకుపోయాడనీ కూడా అంటాడు.

దీనికి ఇంకో వైపు నుంచి సాక్ష్యం గంగాదేవి. మదురైని గెలిచిన విజయనగర రాకుమారుడు కంపరాయల భార్య, సంస్కృతంలో మధురావిజయం రాసింది, మొదట్లో మన తిక్కనని కూడా పొగిడింది. కొబ్బరితోటలు నరికేసి ఆ చోట మనుషుల తలలు వేలాడే ఇనుప శూలాలు నాటారని ఒక శ్లోకం. బతూతా చూసిన కొయ్యలు, ఈమె రాసిన శూలాలు, ఒకరినొకరు చదివే అవకాశమే లేని ఇద్దరు. వేడి నిట్టూర్పులకి పెదాలు ఎండిపోయి, ముంగురులు చెదిరి, కన్నీళ్ళు నిండిన ద్రావిడుల ముఖాలు చూసి బాధపడుతున్నాను అని ఉంటుంది ఇంకో శ్లోకంలో. ప్రశస్తి కవులు శత్రుస్త్రీల మీద సరదాగా వాడే ఎండిన పెదాలు, చెదిరిన జుట్టు ఇక్కడ జాలి కోసం వాడింది. సరుకు అదే, వాడిన చోటు వేరు.

జౌహర్ గురించి చెప్పరా?

చెప్తాను, క్లుప్తంగా. జౌహర్ అంటే కోట శత్రువుకి చిక్కేముందు ఆడవాళ్ళు మంటల్లో దూకడం. 1303 చిత్తోడ్ ముట్టడిలో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్‌తో ఉన్న కవి అమీర్ ఖుస్రో తన చరిత్రలో చిత్తోడ్ రాణి పద్మిని పేరెత్తలేదు. ఆమె కథ 1540లో జాయసీ రాసిన పద్మావత్‌తో పాకింది. అయితే జౌహర్ అనేదే కట్టుకథ అనుకోకూడదు, 1301 రణథంభోర్ మంటల గురించి ఖుస్రోనే రాశాడు.

మనకి దగ్గరిది కంపిలి, 1327లో. తుంగభద్ర ఒడ్డున ఢిల్లీ సేన చుట్టుముట్టినప్పుడు కంపిలి రాజు పెద్ద మంట వేయించాడనీ, అంతఃపురం ఆడవాళ్ళు ఒక్కొక్కరే స్నానం చేసి, చందనం పూసుకుని, రాజు ముందు నేలకి వంగి మొక్కి మంటలో దూకారనీ, మంత్రుల ఇళ్ళ ఆడవాళ్ళూ అదే చేశారనీ ఇబ్న్ బతూతానే చెప్తాడు. దీన్ని త్యాగం అని రాసేవాళ్ళందర్నీ నేను ఒకటే అడుగుతాను: చెరపడితే ఏమవుతుందో ఆ ఆడవాళ్ళకి ఎలా తెలుసు? తమ ఇంటి మగవాళ్ళు గెలిచిన యుద్ధాల తర్వాత ఇంటికొచ్చిన బందీల్ని చూసే తెలిసి ఉంటుంది.

ఆ ఆడవాళ్ళ సొంత మాట ఎక్కడైనా మిగిలిందా?

గంగాదేవి ఉంది, కానీ ఆమె గెలిచిన పక్షం రాణి. సత్తియవ్వ, సాంగప్ప, నాగల మనకి తెలిసింది వాళ్ళని పట్టుకున్నవాళ్ళ శాసనాల ద్వారానే, ఆ ఒక్క సందర్భంలోనే. వేళం ఆడవాళ్ళు పెట్టించిన దీపాల శాసనాల్లో పేరు, దానం, గుడి, అంతే. ఏ ఊరు, ఎలా వచ్చావు అని రాసే రివాజు ఆ శాసనాల్లో లేదు.

వీటిని చూడాలంటే ఎక్కడికెళ్ళాలి?

చెన్నై నుంచి తాంబరం మీదుగా మణిమంగళం వెళ్ళండి, రాజగోపాలస్వామి గుడి గోడలు. పాత తమిళ లిపి కాబట్టి చదవడం రాకపోయినా ఫర్వాలేదు, ఆ శాసనాల ఇంగ్లీషు అనువాదాలు పురావస్తు శాఖ వందేళ్ళ కిందటే అచ్చేసింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. తంజావూరు వెళ్ళినవాళ్ళు పెద్దగుడి గోడల మీద 400 మంది నాట్యకత్తెల పేర్ల శాసనం అడిగి చూడండి. మనవైపు కలిదిండి ఉంది. జయంగొండార్ పద్యాలు తమిళం తెలిసిన స్నేహితుల చేత పైకి చదివించుకోండి, ముఖ్యంగా తలుపు తియ్యమనే పద్యాలు. ముందు అర్థం చెప్పించుకోకుండా ఒకసారి వినండి, తర్వాత అర్థం చెప్పించుకుని మళ్ళీ వినండి.